కాలమును కొలిచిన పండితుడు: జోసఫ్ స్కాలిజరు

మానవుడు ధాన్యమును కొలుచుటకు కుంచమును, బంగారమును తూచుటకు త్రాసును, పొలమును కొలుచుటకు గొలుసును గల్పించుకొనియున్నాడు. గడచిపోయిన కాలమును కొలుచుటకు వానికి గల సాధనమేది? నిన్న మొన్నటి దినములను వ్రేళ్ల మీద లెక్కింపవచ్చును. తాతగారి వివాహ మెప్పుడు జరిగెనో యింటి పెద్దలు చెప్పగలరు. కాని రెండువేల యేండ్లకు పూర్వము జరిగిన యొక యుద్ధము ఏ సంవత్సరమున, ఏ మాసమున, ఏ వారమున జరిగెనో చెప్పవలసివచ్చినపుడు వ్రేళ్లును, పెద్దల జ్ఞాపకమును చాలవు. ఒక యూరి కుంచము వేరొక యూరి కుంచముతో సరిపోనట్లే, ఒక జాతి సంవత్సరము మరియొక జాతి సంవత్సరముతో సరిపోదు. ఈ వేర్వేరు కుంచముల నన్నిటిని ఒక్క కొలతలోనికి దెచ్చిన మహాపండితు డొకడు పదునారవ శతాబ్దమున ఐరోపాఖండమున నుండెను. ఆయన పేరు జోసఫ్ జస్టస్ స్కాలిజరు. చరిత్ర పాఠములలో తేదీలను వల్లించుచు విసుగు జెందు మా విద్యార్థులకు, ఆ తేదీల వెనుక నెంత పరిశ్రమ దాగియున్నదో తెలియుట మేలని తలచి, ఈ మహనీయుని చరిత్రమును సంగ్రహముగా నిచ్చట వ్రాయుచున్నాము.

జననము, బాల్యము

ఫ్రాన్సు దేశమున నైరృతి భాగమందు గరోను నదీతీరమున ఆజన్ అను పట్టణము గలదు. అచ్చట 1540వ సంవత్సరము ఆగస్టు 5వ తేదీని జోసఫ్ జన్మించెను. తండ్రి జూలియస్ సీజరు స్కాలిజరు ఇటలీదేశస్థుడు. ఆజన్ పట్టణపు బిషపుగారికి వైద్యుడుగా వచ్చి, అచ్చటనే వివాహమాడి స్థిరపడినవాడు. ఆయన వైద్యుడేగాక లాటిను భాషయందు గొప్ప పండితుడు, కోపిష్ఠి, వాదప్రియుడు. ఆ యింట బిడ్డలు పెక్కుమంది. అందు జోసఫ్ పదియవ సంతానము.

పండ్రెండవయేట జోసఫ్‌ను ఇద్దరు తమ్ములతో గూడ బోర్డో నగరమందలి కళాశాలకు బంపిరి. మూడు సంవత్సరములు గడచునప్పటికి 1555లో నచ్చట మహామారి ప్రబలెను. పిల్లలు తిరిగి యిల్లు చేరిరి. అది మొదలు జోసఫ్‌నకు తండ్రియే పాఠశాల. తండ్రి దినదినమును లాటిను పద్యములను నోట జెప్పుచుండగా కుమారుడు వ్రాయవలెను; ఒక్కొక్కనాడవి ఎనుబదికి మించి నూఱు పంక్తుల వఱకు నుండెడివి. అదిగాక ప్రతిదినమును ఒక చిన్న యుపన్యాసమును లాటినులో స్వయముగా రచించి తండ్రికి జూపవలెను. ఈ శిక్షణము కఠినమైనదే. కాని చూచిన దానిని సూక్ష్మముగా జూచుట, విన్నదానిని తప్పులేకుండ వ్రాయుట అను రెండు గుణము లప్పుడే యలవడెను. 1558లో తండ్రి మరణించెను.

గ్రీకు భాషాభ్యాసము

తండ్రి యాతనికి లాటిను నేర్పెనే గాని గ్రీకు నేర్పలేదు. గ్రీకు రానివాడు విద్వాంసుడు కాజాలడని తలచి, జోసఫ్ మరుసటి సంవత్సరము పారిస్ నగరమునకు బోయి, టర్నీబస్ అను ప్రసిద్ధ గురువు చెప్పు గ్రీకు పాఠములకు హాజరయ్యెను. రెండు నెలలు వినిన పిదప ఆ పాఠములు తనకు మించినవని గ్రహించెను. అట్టి సమయమున నిరుత్సాహపడి యిల్లు చేరువారు పలువురు. ఈ యువకుడట్లు చేయక, తన గదిలో గూర్చుండి, హోమరు మహాకవి కావ్యములను లాటిను తర్జుమాతో బోల్చి చదువ నారంభించెను. చదువుచునే తనకు దోచిన వ్యాకరణ సూత్రములను వ్రాసికొనెను. ఇరువదియొక్క దినములలో హోమరును ముగించితి ననియు, నాలుగు మాసములలో తక్కిన గ్రీకు కవులనందఱిని జదివితి ననియు నాయన తరువాత జెప్పుకొనెను. ఆ వెనుక హీబ్రూ భాషను, అరబ్బీ భాషను గూడ నిట్లే స్వయంకృషిచే నేర్చుకొనెను.

ఈ భాషలే తరువాతి కాలమున నాయనకు సాధనము లయ్యెను. ఒక జాతివారి పంచాంగము తెలియవలెనన్న వారి భాష తెలియవలెను గదా!

దేశసంచారము, కష్టములు

1562వ సంవత్సర ప్రాంతమున జోసఫ్ సంస్కృత క్రైస్తవ మతమును అవలంబించెను. మరుసటి యేట షాస్టెన్యే అను ప్రభుకుటుంబమువా రాయనను ఆదరించి తమతో నుంచుకొనిరి. వారితో గూడ నిటలీదేశమును, ఇంగ్లండును, స్కాట్లండును జూచెను. ఇటలీలో నుండగా ప్రాచీన శిలాశాసనములను శ్రద్ధతో బరిశీలించెను. 1570లో వాలాన్సు నగరమున క్యుజాసు అను ధర్మశాస్త్రవేత్త యొద్ద శిష్యుడై, ఒక గ్రంథమునకు గల వేర్వేరు వ్రాతప్రతులను బోల్చి, ఏది మూలపాఠమో యేది లేఖకుని ప్రమాదమో నిర్ణయించు విధమును నేర్చెను.

1572 ఆగస్టు 24వ తేదీ పరిశుద్ధ బర్తొలొమయి పండుగనాడు పారిస్ నగరమున ప్రొటెస్టంటుల వధ యారంభమయ్యెను. స్కాలిజరు జెనీవా నగరమునకు బారిపోయి, అచ్చటి విద్యాలయమున ఉపాధ్యాయుడుగా నియమింపబడెను. కాని ఉపన్యాసము లిచ్చుట యాయనకు రుచింపలేదు. 1574లో ఫ్రాన్సునకు మరలివచ్చి, తరువాతి యిరువది సంవత్సరములును అంతర్యుద్ధముల నడుమ షాస్టెన్యే ప్రభువుల కోటలలో గడపెను. స్థిరమైన నివాసము లేదు. చేరువలో గొప్ప పుస్తకశాల లేదు. దారులు నిరపాయములు కావు. ఆయన మహాగ్రంథము లిట్టి స్థితిలోనే సిద్ధమయ్యెనన్న సంగతి, సౌకర్యములు లేవని చదువు మానుకొనువారు తలపోయదగినది.

1579లో మానీలియసు అను రోమను కవి వ్రాసిన జ్యోతిష కావ్యమును బరిష్కరించి ప్రకటించెను. ఆ పనివలన నక్షత్రముల గతియందును, సంవత్సర గణనమందును నాయన మనస్సు లగ్నమయ్యెను.

కాలగణనమందలి చిక్కులు

ప్రాచీనుల కాలగణన మెట్టి యడవియో యొకింత చెప్పవలసియున్నది. గ్రీకులు నాలుగేండ్లకొకసారి జరుగు ఒలింపిక్ ఆటలనుబట్టి యేండ్లను లెక్కించిరి. మొదటి ఆటలు క్రీ. పూ. 776లో జరిగెనని వారి గణనము. రోమనులు తమ నగరము స్థాపింపబడిన క్రీ. పూ. 753 నుండి లెక్కించిరి. బాబిలోనులో నబొనస్సరు రాజు శకము క్రీ. పూ. 747 ఫిబ్రవరి 26వ తేదీతో మొదలగును. సిరియా దేశమున సెల్యూకసు శకము క్రీ. పూ. 312 నుండియు, ఐగుప్తు క్రైస్తవులలో డయోక్లీషియను శకము క్రీ. శ. 284 నుండియు, మహమ్మదీయులలో హిజ్రీ శకము క్రీ. శ. 622 నుండియు నడచినవి.

ఆరంభములు వేఱగుటయేగాక, సంవత్సరపు నిడివియు వేఱు. ఐగుప్తీయుల సంవత్సరమునకు సరిగా 365 దినములు, లీపుదినము లేదు. కావున వారి సంవత్సరాది నాలుగేండ్లకొక దినము చొప్పున వెనుకకు జరుగుచుండును. 1,460 జూలియను సంవత్సరములు 1,461 ఐగుప్తు సంవత్సరములకు సమానము. హిజ్రీ సంవత్సరము చాంద్రమానము. సుమారు 354 దినములు. యూదులు చాంద్రమాసములకు అధికమాసమును జేర్చి సూర్యునితో సరిపుచ్చుదురు.

మన క్రీస్తుశకమందే యొక చిక్కున్నది. దీనిని డయొనీషియసు అను సన్యాసి 525లో రోమాపురియందు గల్పించెను. ఈ శకమున సున్న సంవత్సరము లేదు, క్రీ. పూ. 1 వెనువెంటనే క్రీ. శ. 1 వచ్చును. కావున క్రీ. పూ. 5 నుండి క్రీ. శ. 5 వఱకు తొమ్మిదేండ్లేగాని పది కావు. మరియు హేరోదురాజు మరణమునకు గొంచెము ముందు చంద్రగ్రహణము కలిగెనని జోసీఫసు వ్రాసెను. ఆ గ్రహణము క్రీ. పూ. 4 మార్చి 13వ తేదీదని పలువురు పండితుల యభిప్రాయము. రక్షకుడు హేరోదు దినములలో జన్మించెనని సువార్త చెప్పుచున్నది గనుక, ఆయన జననము డయొనీషియసు లెక్కకు గొన్ని యేండ్లు ముందనుట స్పష్టము. దీనివలన సువార్తకు లోపము లేదు. లోపము సన్యాసి గణితమునందే.

సాక్షులుగా గ్రహణములు

1583వ సంవత్సరమున స్కాలిజరు పారిస్ నగరమున లాటిను భాషలో నొక మహాగ్రంథమును బ్రకటించెను. కాలసంస్కరణమని దాని పేరునకు అర్థము. అంతకుముందు చరిత్రకారులు గ్రీకులను, రోమనులను, యూదులను మాత్రమే లెక్కకు గొనుచుండిరి. పర్షియనులు, బాబిలోనీయులు, ఐగుప్తీయులు, అరబ్బులు, ఇథియోపియనులు మున్నగు వారందఱి పంచాంగములను సమానముగా బరిశీలింపనిదే యే యొక్కరి చరిత్రయు జక్కబడదని స్కాలిజరు నిరూపించెను.

ఒకజాతి వ్రాతలు మరియొక జాతి వ్రాతలతో విరోధించినపుడు తీర్పు చెప్పువారెవరు? ఆకాశమే. రాజులు తమ యేలుబడిని పొడిగించి వ్రాయింపవచ్చును; లేఖకులు నిద్రమత్తులో నంకెలు తప్పవచ్చును; సూర్యచంద్రులు మాత్రము తమ మార్గమును దప్పరు. క్రీ. పూ. 721 మార్చి 19వ తేదీ రాత్రి బాబిలోనులో గనబడిన చంద్రగ్రహణమును టాలమీ తన గ్రంథమున నుదాహరించియున్నాడు. ఏథెన్సు వారికిని స్పార్టా వారికిని జరిగిన యుద్ధపు మొదటి వేసవిలో సూర్యగ్రహణము కలిగెనని తూసిడిడీసు వ్రాసెను. గణితముచే నది క్రీ. పూ. 431 ఆగస్టు 3వ తేదీయని తేలుచున్నది. ఇట్టి గ్రహణములను మేకులవలె గొట్టి, వాని నడుమ రాజుల పరిపాలనలను, యుద్ధములను బేర్చినచో చరిత్ర కదలక నిలుచును. స్కాలిజరు పద్ధతి కిదియే మూలము.

జూలియను చక్రము

అన్ని శకములను గలుపుటకు వానికన్నిటికిని ముందుగా మొదలగు నొక పెద్ద కొలబద్ద కావలెను. దానిని స్కాలిజరు మూడు చిన్న చక్రములనుండి నిర్మించెను. మొదటిది 28 సంవత్సరముల సూర్యచక్రము. ఈ కాలమునకు జూలియను పంచాంగమున తేదీలును వారములును మరల యథాస్థితికి వచ్చును. రెండవది 19 సంవత్సరముల చంద్రచక్రము. పూర్ణిమలు మరల నించుమించుగా నవే తేదీలకు వచ్చును. మూడవది ఇండిక్షను అను 15 సంవత్సరముల చక్రము. రోమను చక్రవర్తుల పన్నుల లెక్కకై పుట్టి, దస్తావేజులయందు వాడబడినది. ఈ మూడంకెలకును సామాన్య భాజకము లేదు గనుక, వాని కనిష్ఠ సామాన్య గుణిజము 28ని 19చే, ఆ ఫలమును 15చే గుణింపగా వచ్చు 7,980. మూడు చక్రములును ఏకకాలమున మొదలైన సంవత్సరము క్రీ. పూ. 4713. మరల నట్లగుట క్రీ. శ. 3268లో. జూలియను సంవత్సరముతో బొందుపడినది గనుక దీనికి జూలియను చక్రమని పేరుపెట్టెను.

దీని యుపయోగమును విద్యార్థులు స్వయముగా బరీక్షింపవచ్చును. క్రీస్తుశక సంవత్సరమునకు 4713 కలుపవలెను. క్రీస్తు పూర్వపు సంవత్సరమును 4714 నుండి తీసివేయవలెను. స్కాలిజరు గ్రంథము ముద్రితమైన 1583 ఈ చక్రమున 6296వ సంవత్సరము. దీనిని 28చే భాగించిన శేషము 24. 19చే భాగించిన 7. 15చే భాగించిన 11. ఇవి యా సంవత్సరపు మూడు గుర్తులు. 7,980 సంవత్సరములలో నీ మూడు గుర్తులును గలసి మరియే సంవత్సరమునకును రావు.

ఇప్పుడు విలోమముగా జూతము. ఒక పాత దస్తావేజున సంవత్సరము చెరిగిపోయి, 24, 7, 11 అను గుర్తులు మాత్రమే మిగిలినవనుకొందము. 24ను 4845చేతను, 7ను 4200చేతను, 11ను 6916చేతను గుణించి కూడిన 2,21,756 వచ్చును. దానిని 7980చే భాగించిన శేషము 6296. అందుండి 4713 తీసివేసిన 1583 తేలును. పోయిన సంవత్సరము దొరికినది! శేషములనుబట్టి మూలసంఖ్యను గనుగొను నిట్టి గణితమును మన ఆర్యభటుడు క్రీ. శ. 499 నాటికే కుట్టకమను పేర బోధించెనని తెలిసికొనుట మనకు సంతోషకరము.

క్రీ. పూ. 431 నాటి గ్రహణమునకును స్కాలిజరు పుట్టిన 1540కిని నడుమ నెన్ని సంవత్సరములు? తొందరపడిన బాలుడు రెంటిని గూడి 1971 అనును. జూలియను చక్రమున నవి 4283, 6253, భేదము 1970. సున్న సంవత్సరము లేని చిక్కు దానంతట నదియే వీడిపోయినది.

పది దినములు మాయమైన కథ

స్కాలిజరు గ్రంథము వెలువడుటకు ముందటి యేడే పంచాంగమున నొక గొప్ప మార్పు జరిగెను. జూలియను సంవత్సరము నిజమైన సౌరసంవత్సరముకంటె సుమారు 11 నిమిషములు ఎక్కువ. అందువలన 325లో నైసియా సభ జరిగిన నాటినుండి 1582 నాటికి పది దినముల భేద మేర్పడెను. పోపు పదుమూడవ గ్రెగరీ యాజ్ఞచే 1582 అక్టోబరు 4వ తేదీ గురువారము పిమ్మట 15వ తేదీ శుక్రవారముగా నెంచబడెను. స్కాలిజరు ఈ సంస్కరణమున దోషములున్నవని వాదించెను. క్లావియసు అను జెసూట్ గణితజ్ఞుడు ప్రత్యుత్తరమిచ్చెను. కాలక్రమమున లోకము గ్రెగరీ పంచాంగమునే గ్రహించినది. అయినను ప్రాచీన కాలపు తేదీలను లెక్కించుటకు ఖగోళశాస్త్రజ్ఞులు నేటికిని జూలియను పంచాంగమునే వాడుచున్నారు.

ఈ భేదము మన తెలుగుదేశమునకును సంబంధించినదే. బ్రిటిషువారు 1752 వఱకు పాత పంచాంగమునే వాడిరి. ఆ యేడు సెప్టెంబరు 2వ తేదీ పిమ్మట 14వ తేదీ వచ్చెను. అంతకుముందు వారి సంవత్సరము మార్చి 25న మొదలగుచుండెను. హాలండు వారు 1583 నుండియు క్రొత్త పంచాంగమును వాడిరి. ఇరువురకును మచిలీపట్టణమున వర్తకశాల లుండెను గదా! ఒకే దినమున రేవులో దిగిన సరకును డచ్చి గుమాస్తా 1650 జనవరి 20 అని వ్రాసిన, ఇంగ్లీషు గుమాస్తా 1649 జనవరి 10 అని వ్రాయును. ఇది యెఱుగనివాడు ఒక్క యోడను రెండోడలుగా నెంచి, వాని నడుమ నొక యేడు పెట్టును.

స్కాలిజరు చక్రమును బట్టి దినములను వరుసగా లెక్కించు పద్ధతిని 1849లో జాన్ హెర్షెల్ అను ఆంగ్ల ఖగోళజ్ఞుడు ప్రచారమునకు దెచ్చెను. క్రీ. పూ. 4713 జనవరి 1వ తేదీ మధ్యాహ్నము మొదలు ప్రతి దినమునకును ఒక సంఖ్య. స్కాలిజరు పుట్టిన పాత పంచాంగపు దినము 22,83,760వది. చనిపోయిన క్రొత్త పంచాంగపు దినము, 1609 జనవరి 21, 23,08,756వది. భేదము 24,996. పంచాంగము మారిన సంగతి మఱచి లెక్కించిన 25,006 వచ్చును. దినసంఖ్యను 7చే భాగించిన శేషము సున్నయైన సోమవారము, ఒకటియైన మంగళవారము. ఈ విధమున నాయన గురువారమున బుట్టి బుధవారమున మరణించెనని తేలుచున్నది. లోకమునకు కాలమును గొలిచి యిచ్చిన వాని జీవితము ఇరువదియైదువేల దినములకు నాలుగు దినములు తక్కువ!

లైడెను నగరము, సత్యనిష్ఠ

హాలండు దేశమందలి లైడెను విశ్వవిద్యాలయమువారు ఆహ్వానింపగా, స్కాలిజరు 1593లో అచ్చటికి జేరెను. పాఠములు చెప్పుట యాయన కిష్టము లేదని యెఱిగి, ఆ బాధ్యత లేకుండగనే జీతము నిచ్చి గౌరవించిరి. విశ్వవిద్యాలయమున నట్టి పండితుడు నివసించుటయే చాలునని వారి భావము. ఉపన్యాసము లీయకున్నను యువకులను జేరదీసి ప్రోత్సహించెను. అంతర్జాతీయ ధర్మశాస్త్రమున సుప్రసిద్ధుడైన హ్యూగో గ్రోషియసును, కవిపండితుడైన హైన్సియసును ఆయన యాదరమున బెరిగినవారే.

1606లో ఆయన రెండవ మహాగ్రంథము, కాలనిధియని యర్థము గలది, వెలువడెను. నాలుగవ శతాబ్దపు బిషపగు యూసీబియసు రచించిన చరిత్రపట్టిక యొక్క గ్రీకు మూలము నశించి, జెరోము చేసిన లాటిను అనువాదము మాత్రమే నిలిచియుండెను. మూలమున మరియొక భాగ ముండెనని స్కాలిజరు తలచి, వేర్వేరు రచయితలు దానినుండి గైకొన్న ముక్కలను వెదకి కూర్చెను. 1818లో ఆర్మీనియా భాషలోని ప్రాచీనానువాదము అచ్చుపడగా, ఆ భాగము నిజముగా నుండెనని లోకమునకు విశదమయ్యెను.

ఈ పనిలో నాయనకొక కఠిన పరీక్ష తటస్థించెను. దొరకిన ముక్కలలో ఐగుప్తు రాజవంశముల పట్టిక యొకటి. దానిని లెక్కింపగా మొదటి వంశము క్రీ. పూ. 5285లో మొదలగుచున్నది. ఆయన గణితము ప్రకారము లోకసృష్టి క్రీ. పూ. 3949. అనగా సృష్టికి 1,336 సంవత్సరములు ముందే రాజులు! తాను నిర్మించిన జూలియను చక్రమునకును అది పూర్వమే. ఆ కాగితమును దాచినచో నడుగువారు లేరు. దాచుట యాయన మనస్సున కొప్పలేదు. దొరకినది దొరకినట్లు ముద్రించి, ఆ కాలమును గణితార్థము గల్పించిన కాలముగా వేఱు చేసి చూపి, పరిశోధకులకు విడిచెను. ఏకకాలమున వేర్వేరు ప్రాంతముల నేలిన వంశములు కొన్ని యా పట్టికలో నొకదాని వెంట నొకటిగా జేర్చబడినవనియు, ఐగుప్తు మొదటి వంశము సుమారు క్రీ. పూ. 3100 ప్రాంతముదనియు నేటి పండితు లెంచుచున్నారు. సృష్టికి నాయన కట్టిన తేదీయును నేడు శాస్త్రజ్ఞుల కంగీకారము కాదు. కాని యానాడు స్కాలిజరు ఆ పట్టికను దాచియుండినచో, తరువాతివారు దిద్దుటకు తప్పే దొరకకుండెడిది. దైవభక్తి గలవాడు సత్యమునకు వెఱవడనుటకు నిదియొక దృష్టాంతము.

లోపములు, అవసానము

గొప్పవారి గుణములతోడ లోపములను గూడ జెప్పుట చరిత్రకారుని ధర్మము. స్కాలిజరు గర్విష్ఠి, ప్రతిపక్షులను కఠినముగా నిందించెడివాడు. 1594లో వృత్తమునకు సమానమైన చతురశ్రమును గనుగొంటినని యొక గ్రంథము వ్రాయగా, గణితజ్ఞులు తప్పని నిరూపించిరి. అయినను ఆయన లోబడలేదు.

అంతకంటె బాధాకరమైనది వంశవిషయము. తాము వెరోనా నగరము నేలిన డెల్లా స్కాలా ప్రభువుల సంతతివారమని తండ్రి చెప్పుచుండెను. జోసఫ్ దానిని బాల్యమునుండి నమ్మి, 1594లో స్వవంశ ప్రతిష్ఠను గూర్చి వ్రాసి ప్రకటించెను. 1607లో స్కియోపియసు అను ప్రత్యర్థి యొక పెద్ద పుస్తకమును వ్రాసి, ఆ కథలో సుమారు ఐదువందల యబద్ధము లున్నవని యెత్తిచూపెను. వృద్ధుడైన స్కాలిజరు ప్రత్యుత్తరము వ్రాసెను గాని, రాజవంశ సంబంధమును నిరూపింపజాలకపోయెను. పాడువా నగరమందలి బోర్డోనె యను కుటుంబమే ఆయన తండ్రి వంశమని నేటి చరిత్రకారుల నిశ్చయము. బాబిలోను రాజుల పట్టికలను తప్పొప్పులు పరీక్షించి దిద్దినవాడు, తన తండ్రి మాటను మాత్రము పరీక్షింపలేదు. మనకు ప్రియమైన విషయములందే మనము మిక్కిలి జాగరూకులమై యుండవలెనని దీనివలన నేర్వదగియున్నది.

1609 జనవరి 21వ తేదీని లైడెనులో, ప్రియశిష్యుడు హైన్సియసు చెంతనుండగా, స్కాలిజరు పరలోకగతుడయ్యెను. ఆయన వివాహమాడలేదు. తాను సేకరించిన ప్రాచ్యభాషా గ్రంథములను విశ్వవిద్యాలయ పుస్తకశాలకు వ్రాసియిచ్చెను.

మన దేశమున నీ శాస్త్రము

స్కాలిజరు చేసిన పనివంటిది మన జ్యోతిష్కులకు గ్రొత్తగాదు. క్రీ. పూ. 3102 ఫిబ్రవరి 18వ తేదీని కల్యాదిగా నెంచి, నాటినుండి గడచిన దినముల మొత్తమును అహర్గణమని వారు లెక్కించుచు వచ్చిరి. అయినను వ్యవహారమున మనకును చిక్కులు గలవు. ఒక తాటాకు దస్తావేజున ప్రభవ సంవత్సరమని మాత్రమే యున్నచో, అది 1807 కావచ్చును, 1867 కావచ్చును, 1927 కావచ్చును. అరువదేండ్లకొకసారి యదే పేరు వచ్చును గదా! మాసము, తిథి, వారము గూడ నున్నచో, మూడింటిలో నేది సరిపోవునో గణితముచే దేల్చవచ్చును. తెలుగు వాఙ్మయమునకు మహోపకారము చేసిన సి. పి. బ్రౌను దొరగారు 1863లో దక్షిణదేశ కాలగణనమును గూర్చి గ్రంథము ప్రకటించిరి. క్రైస్తవుడును చెన్నపురి వాస్తవ్యుడునైన ఎల్. డి. స్వామికన్ను పిళ్లగారు (1865-1925) క్రీ. శ. 700 మొదలు 1799 వఱకు గల దినములకు పట్టికలు కట్టగా, 1922లో చెన్నపురి ప్రభుత్వమువారు ముద్రించిరి. మన దేవాలయముల గోడలమీది శాసనములకు తేదీలు నిర్ణయించువారు నేటికిని ఆ పట్టికలను ఆశ్రయించుచున్నారు.

విద్యార్థులారా! మీ యింట తాతముత్తాతల నాటి దస్తావేజులో, జాతకమో, బాప్తిస్మపు పత్రికయో యుండవచ్చును. దానిని తీసి, అందలి తేదీని పరీక్షింపుడు. ఏ పంచాంగము? ఏ శకము? వ్రాసిన వారము తేదీతో సరిపోవుచున్నదా? లెక్క సరిపోయిన సంతోషింపుడు. సరిపోనియెడల కాగితమును దాచక, కారణమును వెదకుడు. పాఠ్యపుస్తకములోని యొక్కొక్క తేదీ వెనుకను ఇట్లు వెదకిన యొక మనుష్యుడు గలడని జ్ఞప్తియందుంచుకొనుడు. మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుమని దేవుని వేడుకొనిన భక్తుని ప్రార్థన మన మెల్లర మెఱిగినదే. లెక్కింపబడిన దినములను సార్థకము చేసికొను జ్ఞానమును ఆ ప్రభువే మా బాలబాలికల కెల్లరకు ననుగ్రహించుగాక!